మా ఇల్లు కూడా మునిగిందని ఆఫీసులో ఎవరికీ తెలియదు

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. నాకు 33 ఏళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు డిస్ట్రిబ్యూట్ చేసే కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. చేరి ఐదేళ్లు దాటింది. సింగ్‌నగర్‌లో ఉంటాం. మా ఆఫీసులో రెండు గ్రూపులున్నాయి. ఒకటి మా అకౌంట్స్ మేనేజర్ గారిది, రెండోది సేల్స్ మేనేజర్ గారిది. ఆయన ఓనరు గారికి బావమరిది. మూడేళ్ల కిందట సేల్స్ వైపు వాళ్లు నన్ను టీకి తీసుకెళ్లి, మా మేనేజర్ పాస్ చేసిన కొన్ని బిల్లుల వివరాలు చెప్పమన్నారు. నేను చెప్పలేదు. ఆ రోజు నుంచి టీకి వెళ్లడమే మానేశాను. క్యారేజీ నా సీటు దగ్గరే తింటాను. ఆఫీసు వాట్సాప్ గ్రూపు మ్యూట్‌లో ఉంటుంది. మందు అలవాటు లేదు కాబట్టి సిట్టింగ్‌లకు వెళ్లను. పని మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం కానివ్వను.

ఈ ఏప్రిల్‌లో నా తర్వాత చేరిన అబ్బాయిని సీనియర్ అకౌంటెంట్ చేశారు. అతను రోజూ మేనేజర్ గారితో టీకి వెళ్తాడు. మా నాన్నగారు రిటైర్డ్ గవర్నమెంటు టీచరు. 'నీ పని నువ్వు చేసుకో, అదే నిన్ను కాపాడుతుంది' అంటారు. మా ఆవిడేమో 'నలుగురితో కలవకపోతే ఎలాగండీ' అంటుంది. 2024 వరదల్లో మా ఇల్లు మునిగింది. అప్పుడు ఆఫీసు వాళ్లంతా పాయకాపురంలో ఉండే ఇంకో కొలీగ్ ఇంటికి వెళ్లి బియ్యం, దుప్పట్లు ఇచ్చి వచ్చారట. మా ఇల్లు కూడా మునిగిందని వాళ్లలో ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు. జీతం పెరగాలంటే కాకా పట్టాల్సిందేనా? అది నాకు చేతకాదు. ఏం చేయమంటారు?

ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం:

మీరు ప్రమోషన్ గురించి వివరంగా రాశారు, వరద గురించి నాలుగు మాటల్లో ముగించారు. నన్ను పట్టుకుని వదలనివి ఆ నాలుగు మాటలే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ మీద, పాయకాపురం మీద, రాజరాజేశ్వరిపేట మీద పడ్డాయి. జనం పిల్లలతో మేడల మీదకు ఎక్కి, పాల ప్యాకెట్ కోసం, మంచినీళ్ల సీసా కోసం రోజుల తరబడి ఎదురుచూశారు. మీ కుటుంబమూ అలాగే గడిపి ఉంటుంది. నీళ్లు తీశాక బురద కడుక్కుని, పాడైన ఫ్రిజ్జు బయట పడేసి, మీరు మళ్లీ ఆఫీసుకు వెళ్లి సీట్లో కూర్చుని ఎవరికీ ఏమీ చెప్పకుండా బిల్లులు ఎంటర్ చేశారు. మీ ఆఫీసు వాళ్లు పాయకాపురం వెళ్లారంటే సింగ్‌నగర్ దాటే వెళ్లి ఉంటారు. మీ వీధి మొదలు పక్కనుంచే వాళ్ల బండి పోయి ఉండవచ్చు.

వాళ్లకు మీమీద కోపమేమీ లేదు. మీరు ఎక్కడ ఉంటారో వాళ్లకు తెలియదు, అంతే. ఐదేళ్లుగా రోజుకు తొమ్మిది, పది గంటలు కలిసి పనిచేస్తున్న మనుషులకు మీ ఇల్లు ఏ పేటలో ఉందో తెలియకపోవడం నాకు ప్రమోషన్ కంటే పెద్ద నష్టంగా కనిపిస్తోంది. ప్రమోషన్ ఈ ఏడాది తప్పితే వచ్చే ఏడాది వస్తుంది. ఆ వారం రోజులు మీరు, మీ ఆవిడ ఒంటరిగా పడ్డ కష్టానికి మాత్రం కారణం మీ జాగ్రత్తే. అది మంచి కారణంతోనే మొదలైంది, కానీ చాలా దూరం వెళ్లింది.

మొదలైన చోటు చూద్దాం. మూడేళ్ల కిందట టీ దగ్గర మీరు చేసింది నూటికి నూరు పాళ్లు సరైన పని. పై అధికారి లెక్కలు అవతలి గ్రూపుకు చేరవేయమని అడగడం, అదీ అకౌంట్స్‌లో పనిచేసే మనిషిని అడగడం, ఆఫీసు రాజకీయాల్లో కెల్లా చెడ్డ రకం. ఆ రోజు మీరు నోరు విప్పి ఉంటే ఆ తర్వాత నెలనెలా అడిగేవాళ్లు. ఇవ్వనంటే మొదటిసారి చెప్పిన సంగతి పట్టుకుని బెదిరించేవాళ్లు. అక్కడ గట్టిగా నిలబడ్డారు, సంతోషం. అయితే అడిగింది ఇద్దరో ముగ్గురో. మీరు దూరం పెట్టింది మాత్రం ఆఫీసు మొత్తాన్ని. స్టోర్స్‌లో సరుకు దించుకునే అబ్బాయికి, డిస్పాచ్‌లో కూర్చునే మేడమ్ గారికి, కలెక్షన్‌కు తిరిగే కుర్రాళ్లకు ఈ బిల్లుల గొడవతో ఏం సంబంధం? వాళ్లను కూడా అనుమానితుల్లో కలిపేశారు.

మీ పనిలోంచే చెప్తాను, మీకు తేలిగ్గా తెలుస్తుంది. నెలనెలా 11వ తేదీకి జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల రిటర్ను వేయాలి, 20వ తేదీకి పన్ను కట్టే 3బీ రిటర్ను వేయాలి. మధ్యలో 14న 2బీ, అంటే సప్లయర్లు చూపించిన బిల్లుల లిస్టు వస్తుంది. సప్లయర్ చూపించని బిల్లు 2బీలో ఉండదు, అందులో లేని బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్ను తగ్గింపు రాదు. ఇదంతా పోర్టల్లో కనిపిస్తుంది. ఆ బిల్లు ఎందుకు రాలేదో మాత్రం కనిపించదు. సరుకు తక్కువ వచ్చిందని స్టోర్స్ వాళ్లు బిల్లు పక్కన పెట్టారా, సప్లయర్‌తో రేటు దగ్గర తగాదా నడుస్తోందా, సగం సరుకు వెనక్కి పంపి క్రెడిట్ నోటు కోసం చూస్తున్నారా, ఇవన్నీ స్టోర్స్ అబ్బాయికి తెలుసు. మీతో పరిచయం ఉంటే 5వ తేదీనే 'అన్నా, ఆ బ్రేకు లైనర్ల బిల్లు ఆగింది, చూసుకోండి' అంటాడు. పరిచయం లేకపోతే 18వ తేదీ రాత్రి మీరే తవ్వుకుని తెలుసుకుంటారు. ఆ టెన్షన్ మీకు కొత్త కాదనుకుంటా. ఆఫీసులో మాట్లాడుకోవడమంటే చాలావరకు ఇదే. మీరు రాజకీయం అనుకుని వదిలేసిన దాంట్లో మీ ఉద్యోగానికి కావలసిన సమాచారం కూడా పోయింది.

మీ నాన్నగారి మాట విషయానికి వస్తే, ఆయన్ని తప్పుపట్టకండి. ఆయన కొలువుకు ఆ సలహా సరిగ్గా సరిపోయింది. గవర్నమెంటు టీచరుకు ఏడాది తిరిగేసరికి ఇంక్రిమెంటు అదే వస్తుంది. ప్రమోషన్ లేకపోయినా 6, 12, 18, 24 ఏళ్ల సర్వీసు నిండినప్పుడు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ కింద జీతం పెరుగుతుంది. సీనియారిటీ లిస్టు అందరికీ చూపిస్తారు, తప్పుంటే అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు. హెడ్‌మాస్టరుకు నచ్చినా నచ్చకపోయినా ఆయన వంతు ఆయనకు వస్తుంది. అలాంటి చోట 'నీ పని నువ్వు చేసుకో' అన్నది ధైర్యమిచ్చే మాట. మీ కంపెనీలో సీనియారిటీ లిస్టు ఉండదు, అభ్యంతరం రాసి ఇచ్చే కాగితమూ ఉండదు. అక్కడ ఎవరి వంతు ఎప్పుడో మనుషులు కూర్చుని మాట్లాడుకుని తేలుస్తారు. నాన్నగారికి ఈ తేడా నెమ్మదిగా చెప్పి చూడండి, అర్థం చేసుకుంటారు.

నేను ప్రైవేటు కంపెనీల్లో పర్సనెల్ (హెచ్ఆర్) విభాగంలో పనిచేసి రిటైరైన దాన్ని. జీతాల పెంపు లిస్టు తయారయ్యే గదుల్లో కూర్చున్నాను. అక్కడ ఏం జరుగుతుందో బయటున్నవాళ్లకు సరిగ్గా తెలియదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో ఓనరు గారు ఒక అంకె చెబుతారు, ఈ ఏడాది అందరికీ కలిపి ఇంతకు మించి పెంచేది లేదని. ఆ అంకెను సెక్షన్ల వారీగా పంచుతారు. మీ మేనేజర్ తన వంతు తీసుకుని పేర్లు రాయడం మొదలుపెడతారు. పన్నెండు నెలల పని ఆయనకు గుర్తుండదు, ఏ మనిషికీ గుర్తుండదు. ఈ రెండు, మూడు నెలల్లో కళ్ల ముందు జరిగింది గుర్తుంటుంది. ఎవరు ఏ రోజు ఆదుకున్నారో, ఎవరివల్ల మాట పడ్డారో గుర్తుంటుంది. లిస్టు ఓనరు గారి దగ్గరకు వెళ్తుంది. ఆయన ఒక పేరు మీద వేలు పెట్టి 'ఈ అబ్బాయి ఎవరు? ఏం చేస్తాడు?' అని అడుగుతారు. ఇక్కడే చాలామంది జీవితాలు మారతాయి. మేనేజర్ తడుముకోకుండా ఒక వాక్యం చెప్పగలిగితే ఆ పేరు నిలుస్తుంది. 'మంచివాడే సార్, తన పని తను చేసుకుంటాడు' అంటే ఓనరు గారు తల ఊపి తర్వాతి పేరుకు వెళ్తారు. మీ గురించి ఈ మార్చిలో ఆ మాటే అని ఉంటారు. అందులో చెడు ఏమీ లేదు. పెంచడానికి కారణమూ లేదు.

రిటర్ను ఒక్క రోజు ఆలస్యమైనా రోజుకు 50 రూపాయల చొప్పున లేటు ఫీజు పడుతుంది, కట్టాల్సిన పన్ను మీద వడ్డీ వేరే. మీరు ఐదేళ్లుగా అది పడనివ్వలేదు. పడి ఉంటే మీ పేరు ఓనరు గారికి వెంటనే తెలిసేది. పడలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఇది అన్యాయమే. కానీ దీన్ని సరిచేసే దారి మీ చేతిలోనే ఉంది, అందుకు ఎవరికీ కాకా పట్టనక్కర్లేదు. రిటర్నులు వేసిన మర్నాడు మీ మేనేజర్ గారికి ఒక చిన్న మెసేజ్ పెట్టండి. 'సార్, పోయిన నెల 3బీ నిన్న ఫైల్ చేశాను. అంతకుముందు నెల 2బీలో రాని బిల్లులు పద్నాలుగు ఉంటే సప్లయర్లతో మాట్లాడి పదకొండు తెప్పించాను. మిగిలిన మూడింటికి వచ్చే నెలలో క్రెడిట్ వస్తుంది.' ఇంతే. ఇందులో పొగడ్త లేదు, గొప్పలు లేవు. ఉన్నది ఉన్నట్టు చెప్పారు. లేని గుణం ఉందని అధికారిని పొగిడితే అది కాకా పట్టడం. చేసిన పని చేశానని చెప్పడం ఆ లెక్కలోకి రాదు. నెలకొకసారి ఆ మెసేజ్ వెళ్తే మార్చిలో ఓనరు గారు అడిగినప్పుడు మీ మేనేజర్‌కు చెప్పడానికి వాక్యం దొరుకుతుంది. ఆయన పనిని మీరే తేలిక చేసినవాళ్లవుతారు.

ప్రమోషన్ వచ్చిన అబ్బాయి గురించి ఒక మాట. అతనికి పని రాదని మీరు రాయలేదు. టీకి వెళ్తాడని మాత్రమే రాశారు. ఆ టీ దగ్గర మేనేజర్‌తో ఏం మాట్లాడతాడో మీకు తెలియదు. బహుశా ఏ పార్టీ చెక్కు బౌన్స్ అయ్యేలా ఉందో, ఏ లెడ్జర్ కలవడం లేదో అక్కడే చెబుతున్నాడేమో. ఇప్పుడతను మీకు సీనియర్. అతనితో ముభావంగా ఉంటే అసూయ అనుకుంటారు, మీకున్న మంచిపేరు కూడా పోతుంది. రేపే వెళ్లి మనసారా అభినందించండి. ఆలస్యమైనా ఫరవాలేదు.

ఇక గ్రూపులు. విజయవాడ, గుంటూరు ఆఫీసుల గురించి మాట్లాడుతూ కులం ప్రస్తావన తేకపోతే సగమే చెప్పినట్టు. మన దగ్గర గ్రూపు అనేది చాలాసార్లు కులంతోనో ఊరితోనో చుట్టరికంతోనో మొదలవుతుంది. కొత్తగా చేరిన మనిషిని ఇంటిపేరు అడుగుతారు, సొంతూరు అడుగుతారు, 'ఫలానావాళ్లు మీకేమవుతారు' అని అడిగి మనసులో లెక్క కట్టుకుంటారు. కార్తీకమాసం వస్తే తోటల్లో కులాలవారీగా వనభోజనాలు పెడతారు, అక్కడ కలిసినవాళ్లు సోమవారం ఆఫీసులో ఇంకాస్త దగ్గరగా జరుగుతారు. మిమ్మల్ని కూడా 'మనవాడివి కదా, మాతో ఉండాలి కదా' అని ఎవరో ఒకరు అనే ఉంటారు. ఇందులో నా అభిప్రాయం స్పష్టంగా చెప్తాను. ఆఫీసు మొత్తానికి కలిపి పెట్టే భోజనమైతే కుటుంబంతో సహా వెళ్లండి, వడ్డన దగ్గర నిలబడండి. కులం పేరుతో పెట్టేదానికి వెళ్లడం, మానడం మీ ఇంటి విషయం. వెళ్లినా అక్కడి మాటలు ఆఫీసులోకి తేకండి. 'మనవాడు' అన్న మాట ఎంత తియ్యగా ఉన్నా, దాని వెనకే ఏదో ఒకరోజు 'అవతలివాడి బిల్లు ఆపు' అన్న మాట వస్తుంది. అకౌంట్స్ సీట్లో కూర్చున్నవాళ్లకు అది తప్పకుండా వస్తుంది. స్టోర్స్‌లో అబ్బాయి ఏ కులమో చూడకుండా అందరి బిల్లులూ ఒకే వరసలో పాస్ చేస్తారన్న పేరు మీకు ఉండాలి. ఆ పేరు మిమ్మల్ని రెండు గ్రూపుల మధ్యా నిలబెడుతుంది. రాష్ట్ర రాజకీయాల దగ్గరా ఇదే పద్ధతి. ఎన్నికల ముందు, తర్వాత మన టీ కొట్ల దగ్గర స్నేహాలు ఎలా తెగిపోయాయో మీరూ చూసే ఉంటారు.

అయితే టీ దగ్గర ఎవరో ఒకరు లేనివాళ్ల గురించి మాట తీస్తారు, అప్పుడేం చేయాలన్నది మీ భయం. విరాటుడి కొలువుకు బయలుదేరిన పాండవులకు వాళ్ల పురోహితుడు ధౌమ్యుడు కొలువు మర్యాదలు నేర్పి పంపాడు. రాజుగారి గుట్టు బయటపెట్టవద్దన్నాడు, కొలువులో ఎవరితోనూ విరోధం తెచ్చుకోవద్దన్నాడు. ఎవరితోనూ పలకకుండా మూలన కూర్చోమని మాత్రం అనలేదు. మీరు చేయాల్సింది కూడా అంతే. వినండి. 'అవునా, నాకు తెలియదండి' అనండి. మీ వంతుగా ఒక్క మాట కూడా కలపకండి, ఎందుకంటే అక్కడ పదిమంది అన్న మాటలు పైకి వెళ్లేటప్పుడు ఒక్కరి పేరుమీదే వెళ్తాయి. వాట్సాప్‌లో అయితే థంబ్స్ అప్ గుర్తు కూడా వేయకండి, స్క్రీన్‌షాట్ తీయడానికి అరక్షణం చాలు. బిల్లుల సంగతి మళ్లీ అడిగితే 'అది మేనేజర్ గారిని అడగాలండి, నేను చెప్పకూడదు' అని నవ్వుతూనే చెప్పి, టీ పూర్తిగా తాగి రండి. లేచి వచ్చేయకండి. మూడేళ్ల కిందట మీరు లేచి వచ్చేశారు, ఇంకెప్పుడూ వెళ్లలేదు.

నిజానికి టీ దగ్గర కుట్రలే నడుస్తాయనుకోవడం కూడా దూరం నుంచి చూసేవాళ్లకు కలిగే భ్రమ. బ్రిటన్‌కు చెందిన రాబిన్ డన్‌బార్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు జనం కలిసి కూర్చునే చోట్ల మాటలు విని, ఏ విషయానికి ఎంతసేపు పడుతోందో లెక్కగట్టి 1997లో ప్రచురించారు. మూడింట రెండు వంతుల దాకా మనుషుల గురించి, వాళ్ల మంచిచెడ్డల గురించే మాట్లాడుకున్నారు. ఒకరిని దుమ్మెత్తిపోసే మాటల వాటా మాత్రం చాలా తక్కువ. మీ ఆఫీసు టీ కొట్టు దగ్గరా అంతే ఉంటుంది. ఎవరి పాపకు ఇంటర్లో ఏ గ్రూపు ఇప్పించాలి, ఎవరి నాన్నగారికి స్టెంట్ వేశారు, గొల్లపూడి వైపు అద్దెలు ఎలా ఉన్నాయి. వరదప్పుడు పాయకాపురం సంగతి వాళ్లకు తెలిసింది ఇలాంటి కబుర్లలోనే.

ఆ పాయకాపురం కొలీగ్‌తోనే మొదలుపెట్టండి. 'వరదకు మా ఇల్లు కూడా మునిగిందండీ, మీకెంత నష్టం వచ్చింది' అని అడగండి. నీళ్లలో ఇల్లు మునిగినవాళ్ల మధ్య మాటకు లోటు ఉండదు. ఇన్సూరెన్సు ఎలా వచ్చింది, గవర్నమెంటు ఇచ్చిన సాయం ఎంత చేతికి అందింది, గోడలకు చెమ్మ ఎలా పోగొట్టారు, వర్షం పడితే పిల్లలు ఇంకా భయపడుతున్నారా. మీకు కబుర్లు చెప్పడం చేతకాదని అనుకుంటున్నారు. ఈ విషయం మీద మీరు గంట మాట్లాడగలరు. ఆ తర్వాత స్టోర్స్ అబ్బాయిని పలకరించండి. వారానికి రెండు రోజులు క్యారేజీ తీసుకుని అందరూ తినే చోటికి వెళ్లండి. రోజూ వెళ్లమని అనడం లేదు. మీ స్వభావం ఒంటరిగా తినడమైతే మూడు రోజులు హాయిగా ఒంటరిగా తినండి. వాట్సాప్ గ్రూపు మ్యూట్‌లోనే ఉంచినా ఫరవాలేదు, కానీ రోజుకొకసారి తెరిచి చూడండి. ఎవరింట్లోనైనా శుభకార్యమో కష్టమో ఉంటే ఒక ఫోన్ చేయండి.

సిట్టింగ్‌లకు వెళ్లకండి. ఈ విషయంలో మొహమాటం అస్సలు వద్దు. అక్కడికి వెళ్తేనే ఎదుగుతారనేది వెళ్లేవాళ్లు చెప్పే మాట. మీ ఆఫీసులో ఆడవాళ్లెవరూ సిట్టింగ్‌కు వెళ్లరు కదా, పనిచేసుకుంటూనే ఉన్నారు.

మనుషులకు దగ్గరైనప్పుడు వచ్చే అసలైన ప్రమాదం డబ్బు. కలివిడిగా ఉండమని చెప్తున్నాను కాబట్టి దీని గురించి కూడా హెచ్చరించాలి. విజయవాడలో ఏ ఆఫీసుకు వెళ్లినా ఒక సీనియర్ చీటీ వేస్తూ కనిపిస్తారు. 'నువ్వు కూడా ఒక పేరు రాయించుకో' అంటారు. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకుని రిజిస్టర్ చేయకుండా చీటీ నడపకూడదు. చాలా చిన్న మొత్తాల చీటీలకు మాత్రమే మినహాయింపు ఉంది. ఆఫీసు చీటీలు చాలావరకు అంత చిన్నవి కావు. రేపు ఆయన ఎత్తేస్తే డబ్బుతో పాటు ఆఫీసులో మనశ్శాంతి కూడా పోతుంది. ఇంకొకటి షూరిటీ సంతకం. చిట్ ఫండ్ కంపెనీలో పాట పాడుకున్న కొలీగ్ మీ శాలరీ సర్టిఫికెట్ అడుగుతాడు. 'ఊరికే ఫార్మాలిటీ' అంటాడు. ఫార్మాలిటీ ఏమీ కాదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీను ఉన్నవాడికీ అంతే బాధ్యత. అతను కట్టకపోతే ముందు అతని ఆస్తి చూడండి అని మీరు అనలేరు, నేరుగా మీ జీతం మీదకు రావచ్చు. షూరిటీ పెట్టి ఐదేళ్లపాటు ఇంకొకరి వాయిదాలు కట్టిన ఉద్యోగులను నేను చూశాను. ఒకావిడ కూతురి పెళ్లి కోసం దాచుకున్న డబ్బు అలాగే పోయింది. అడిగినప్పుడు 'మా ఇంట్లో ఒప్పుకోరండి' అనండి. మీ ఆవిడ మీద నెపం పెట్టినా ఆమె ఏమీ అనుకోదు. అవసరానికి రెండు వేలో మూడు వేలో చేబదులు ఇవ్వండి, తిరిగి రాకపోయినా ఇబ్బంది పడని మొత్తమే ఇవ్వండి. సంతకం మాత్రం పెట్టకండి.

అలాగే మీ సొంత పనిలో సంతకం. మేనేజర్‌తో పరిచయం పెరిగాక ఎప్పుడైనా సరుకు రాని బిల్లు ఎంటర్ చేయమన్నా, తేదీ మార్చమన్నా 'సార్, ఒక మెయిల్ పెట్టండి, చేస్తాను' అనండి. చాలావరకు ఆ మెయిల్ రాదు, మాట అక్కడితో ఆగిపోతుంది. ఒకవేళ మెయిల్ వచ్చినా తప్పుడు ఎంట్రీ వేయకండి. ఎందుకు వేయలేనో అదే మెయిల్‌కు జవాబుగా రాయండి.

మీ ఆవిడ చెప్పిన మాటకు ఇంకో బలమైన ఆధారం ఉంది. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ దగ్గర న్యూటన్ అనే ఊళ్లో, కొత్త ఉద్యోగాల్లో చేరినవాళ్లను ఆ సంగతి ఎవరి ద్వారా తెలిసిందని అడిగాడు. పరిచయస్తుల ద్వారా తెలుసుకున్నవాళ్లలో, తరచూ కలిసే మనిషి చెప్పారన్నవాళ్లు 16.7 శాతమే. మిగతావాళ్లకు ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్లో, అరుదుగా కలిసేవాళ్లో చెప్పారు. 1973లో ఆయన ఇది ప్రచురించాడు. కారణం కూడా తేలికే. మన దగ్గరివాళ్లకు తెలిసినవి మనకూ తెలిసే ఉంటాయి, కొత్త కబురు కాస్త దూరం నుంచి రావాలి. ఆటోనగర్ లాంటి చోట ఇది ఇంకా నిజం. కలెక్షన్ కుర్రాడు రోజుకు పది షాపులు తిరుగుతాడు. ఏ డీలరు కొత్త బ్రాంచి తెరుస్తున్నాడో, ఎవరికి నమ్మకమైన అకౌంటెంట్ కావాలో మీకంటే ముందు అతనికి తెలుస్తుంది. ప్రాణస్నేహం అక్కర్లేదు. 'మా ఆఫీసులో ఒకాయన ఉన్నారు, పని శుభ్రంగా చేస్తారు' అని చెప్పేంత పరిచయం చాలు.

ఇక తేదీలు. వచ్చే మార్చి దాకా ఆగి, ఏప్రిల్‌లో లిస్టు చూసి బాధపడకండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఆఫీసు ఎందుకు పెడుతుంది? జనవరిలో సంక్రాంతి సెలవులు అయిపోగానే, 20వ తేదీ రిటర్ను వేసేశాక, మేనేజర్ గారిని పది నిమిషాలు అడగండి. 'సార్, సీనియర్ పోస్టుకు నాలో ఇంకా ఏం కావాలి' అని సూటిగా అడగండి. ఆ అబ్బాయి ప్రస్తావన తేకండి. ఆయన చెప్పింది రాసుకుని, మర్నాడు 'నిన్న మీరు చెప్పినవి ఇవి సార్' అని మెసేజ్ పెట్టండి. లిస్టు రాసే సమయానికి ఆ మాటలు ఆయన ఫోన్లోనే ఉంటాయి. అప్పటికీ ఏప్రిల్‌లో ఏమీ రాకపోతే వేరే చోటు చూసుకోవడంలో తప్పులేదు. బాగా పరిచయమైన ఒకరిద్దరిని బయటి అవకాశాల గురించి అడగండి. వచ్చిన ఆఫర్ సంగతి మాత్రం లెటర్ చేతికి అందేదాకా ఆఫీసులో ఎవరికీ, ఎంత దగ్గరివాళ్లకైనా చెప్పకండి.